రాయి పోతే ఊరి సాక్ష్యం పోతుంది

1905లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేసింది. సేకరించినవారు అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి. తాలూకాల వారీగా, ఊళ్ల వారీగా ఏ రాయి ఎక్కడుందో రాసిపెట్టారు. ఆ సంపుటాలు పట్టుకుని గూడూరు నుంచి కావలి దాకా తీరం వెంట తిరగడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఇప్పుడు ప్రతిసారీ దిగులుతో తిరిగొస్తున్నాను. పుస్తకం చెప్పిన చోట ఒక్కోసారి రాయి ఉండదు. రాయి ఉన్నా అక్షరం ఉండదు.

ఒక ఊరి శివాలయం ముందు చూసింది చెబుతాను. నడుమెత్తు రాయి. పైన చెక్కిన సూర్యచంద్రులకు పసుప్పచ్చ పెయింటు దట్టంగా పూశారు. అక్షరాల గాళ్లన్నీ సున్నంతో పూడిపోయాయి. కింది మూడోవంతు కొత్తగా పోసిన సిమెంటు గచ్చులో కూరుకుపోయింది. దానశాసనంలో ఆ కింది భాగమే కీలకం. ఇచ్చిన పొలానికి హద్దులు సాధారణంగా అక్కడే ఉంటాయి: తూర్పున ఏ కాలువ, దక్షిణాన ఎవరి మాన్యం, పడమర ఏ చెరువు తూము. రాజు పేరు మరో శాసనంలో దొరుకుతుంది. ఆ తూము పేరు ఇంకెక్కడా దొరకదు. ఆ గచ్చు వేయించిన పెద్దాయన నాకు మంచినీళ్లిచ్చి, గుడి ఎంత శుభ్రంగా చేయించారో సంతోషంగా చూపించారు. ఈ నష్టం చాలావరకు భక్తితోనే జరుగుతోంది.

గచ్చుకన్నా ప్రమాదకరమైనది ఇసుక కొట్టించడం. పాత సున్నం వదలాలని యంత్రంతో గాలి ఒత్తిడి పెట్టి ఇసుకను రాతి మీదికి చిమ్ముతారు. సున్నంతో పాటు రాతి పైపొరా లేచిపోతుంది. చాలా శాసనాల్లో అక్షరం లోతు గోరుమందం ఉంటే ఎక్కువ. ఒక్క పూటలో ఏడెనిమిది వందల ఏళ్ల రాత చెరిగిపోతుంది. ఊరి బయట మరో రకం నష్టం. రొయ్యల గుంటలు తవ్వేటప్పుడు, రోడ్లకు మట్టి తోలేటప్పుడు పాటిదిబ్బలు, అంటే పాత ఊళ్లున్న చోటి దిబ్బలు, కరిగిపోతున్నాయి. పాత కుండపెంకులు ఆ మట్టితోనే లారీలెక్కుతాయి.

పుస్తకంలో అచ్చయింది కదా, రాయి పోతేనేం అని కొందరు అడుగుతారు. ఆ సంపుటాల్లో పాఠదోషాలున్నాయని శాసనాలు చదివేవారందరికీ తెలుసు. తప్పు దిద్దుకోవాలంటే రాయే ఆధారం. రాయి పోయిన చోట ఆ తప్పే చరిత్రగా మిగిలిపోతుంది.

ఒక్క రాయి ఎంత చెబుతుందో కృష్ణపట్నంలో చూడొచ్చు. కొత్త ఓడరేవు మొదలైంది 2008లో. అక్కడి గుడిలోని పాత తమిళ శాసనం తెలుగు చోళుల నాడే అది రేవుపట్నమని చెబుతుంది. అప్పుడు దాని పేరు కొల్లిత్తుఱై, మరో పేరు గండగోపాలపట్టణం. అనేక నాడుల (ప్రాంతాల) వర్తకులు కూడి సరుకుల మీద కొంత రుసుము గుడికి రాసిచ్చారు. ఆ రాయి లేకపోతే ఈ తీరంలో వ్యాపారం నిన్నమొన్నటిదే అనుకునేవాళ్లం.

ఇంగ్లండ్‌లో కౌంటీల చరిత్రలు ఊరూరా వెతికి రాసే పనిని విక్టోరియా రాణి పేరుతో 1899లో మొదలుపెట్టారు. లండన్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. మన సంపుటాలు దాని తర్వాత ఆరేళ్లకే వచ్చాయి. మనమూ వాటిలోని ప్రతి ఊరికీ మళ్లీ వెళ్లి, ఏ రాయి ఉందో ఏది లేదో సరిచూసి జాబితా వేయాలి. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల పట్టికలోకి ఎక్కని రాళ్లే ఊళ్లలో ఎక్కువ. వాటికి కాపలా ఊరివాళ్లే.

మీ ఊరి గుడికి మరమ్మతు తలపెట్టినప్పుడు అక్షరాలున్న రాయి ఉందేమో ముందు చూడండి. ఉంటే పెయింటు, సిమెంటు, ఇసుక దాని జోలికి రానీయకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో అన్ని వైపులా ఫోటోలు తీసి, ఎక్కడుందో రాసి, మైసూరులోని కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపండి. మేస్త్రీ పని మొదలుపెట్టకముందే పంపండి.