ఎంబీఏ ఒక్కటే దారా?

సంపాదకులకు,

బిజినెస్ పీహెచ్‌డీకి ముందు ఎంబీఏ తప్పనిసరన్న గత సంచిక వ్యాసంతో నాకు పేచీ ఉంది. అమెరికాలో ఫైనాన్స్ డాక్టరేట్ దరఖాస్తులు చూసే ప్రొఫెసర్లు ముందుగా వెతికేది రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఎకనోమెట్రిక్స్ మార్కులు; ఆ తర్వాత, పరిశోధన చేయించినవారి సిఫార్సు లేఖ. ప్లేస్‌మెంట్ల చుట్టూ తిరిగే ఎంబీఏలో ఇవెక్కడ దొరుకుతాయి? పైగా లక్షల ఫీజు! ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనమిక్స్ పీజీకైతే ఎదురు స్టైపెండ్ ఇస్తారు. ప్రవేశపరీక్షలో లెక్కలు చెమటలు పట్టిస్తాయనుకోండి, అది వేరే సంగతి. వినియోగదారుల ప్రవర్తన మీద పరిశోధించాలనుకునేవారికి సైకాలజీ పీజీ నయం. బీకాంతో ఆగిన మా మేనకోడలికి మాత్రం ముందు లెక్కల పునాది కావాలి; అందుకే ఎకనమిక్స్ ఎంఏలో చేరమన్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ