కొండవాలున మెట్లులేని గూడు

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లా ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలపై కొండచరియలు విరుచుకుపడి వందలాది ప్రాణాలను బలిగొన్నాయి. సర్వం కోల్పోయిన కుటుంబాలకోసం కల్పెట్టవద్ద ఎల్‌స్టన్ తేయాకు తోటలో రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన కాలనీకి 2025 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. కుటుంబానికి ఏడు సెంట్ల స్థలం, వెయ్యి చదరపు అడుగుల ఒంటి అంతస్తు ఇల్లు! ఒక్కో ఇంటికి దాతలనుంచి 20 లక్షల రూపాయల వంతున ప్రభుత్వం కోరింది. పెనువిషాదం దేశాన్ని కదిలించింది కాబట్టి అంత సాయం సాధ్యమైంది. ఏ విపత్తూ వార్తలకెక్కించని మిగతా కొండల్లోని నిరుపేదల సంగతేమిటి?

ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షల రూపాయలు ఇస్తున్నారు. తేడా పదివేలు! సిమెంటు, ఇసుక, ఇనుము కంచర గాడిదలమీదో మనుషుల తలలమీదో కొండెక్కాల్సిన చోట ఆ పదివేలు రవాణాకే చాలవు. నేల చదును చేయడానికి, అడ్డుగోడ కట్టడానికి మిగిలేదేమిటో ఏలినవారే చెప్పాలి.

పథకం నిర్దేశించిన కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. ఆ ఇంటిని నాలుగు మీటర్ల వెడల్పున, ఆరుంబావు మీటర్ల పొడవున కడతారనుకుందాం. అయిదు మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో పొడవును కొండకు అడ్డంగా పెడితే ఎగువ, దిగువ గోడల మధ్య ఎత్తు తేడా 80 సెంటీమీటర్లు. అదే పొడవును వాలు వెంబడి దించితే 125 సెంటీమీటర్లు. దిక్కు మార్చినంత మాత్రాన పునాది ఖర్చు ఎంతో కలిసివస్తుంది. చక్రాల కుర్చీకి వేసే వాలుదారి ఒక అడుగు ఎక్కడానికి 12 అడుగుల నిడివి ఉండాలన్నది ఆమోదిత ప్రమాణం. 80 సెంటీమీటర్ల ఎత్తుకే దాదాపు పది మీటర్ల వాలుదారి కావాలి. అంటే ఇంటికంటే పొడవు! గచ్చును ఎగువ బాట మట్టానికే కలపగలిగితే అసలు వాలుదారితోనే పనిలేదు.

అందుకు ఎగువన తొలిచిన మట్టిని దిగువన పోసి, సగం గట్టినేలమీద, సగం పూడికమీద ఇల్లు లేపడం తరచూ జరిగే పొరపాటు. రెండు వానలకే పూడిక కుంగి గోడలు బీటలు వారుతాయి. దిగువన పొడుగు స్తంభాలు, ఎగువన పొట్టి స్తంభాలు నిలిపితే భూకంపం వచ్చినప్పుడు ఆ పొట్టివే ఎక్కువ దెబ్బ తింటాయి. స్థలమంతా తొలిచి గట్టినేలమీద కట్టడం, ఎగువ అడ్డుగోడకు నీరు కారే రంధ్రాలు, దాని వెంట కాలువ విడిచిపెట్టడం క్షేమం. నేల కదలికలకు తట్టుకునే తేలికపాటి ఒంటి అంతస్తు ఇళ్లు 1897 భూకంపం దరిమిలా అస్సాం, మేఘాలయల్లో విస్తృతంగా వెలిశాయి. రెల్లు తడికలకు మట్టి మెత్తిన ఆ గోడల విద్యను కాంక్రీటు మోజులో పక్కకు నెట్టేయడం విజ్ఞత అనిపించుకోదు.

2011 జనగణన ప్రకారం దేశంలోని 2.68 కోట్ల వికలాంగుల్లో 69 శాతం పల్లెవాసులే. గృహ పథకాల కేటాయింపుల్లో వారికి అయిదు శాతం కోటా ఇవ్వాలని 2016 నాటి చట్టం చెబుతోంది. ఆ కోటాలో దక్కిన ఇంటికి చేరాలంటే ముప్ఫై మెట్లెక్కాలంటే ఆ హక్కు కాగితానికే పరిమితం. ప్రవేశ సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. చర్చంతా కార్యాలయాలు, స్టేషన్ల చుట్టూనే తిరుగుతోంది. పేదవాడి గడప ఎవరికీ పట్టలేదు.

ఈ బెడద హిమాలయాలకో పడమటి కనుమలకో పరిమితం కాదు. విజయవాడ కొండవాలు కాలనీల్లో మెట్లు దిగలేక ఇంటికే అంకితమైన వృద్ధులకు కొదవలేదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్లమీదకు దొర్లి ప్రాణాలు తీశాయి. గట్టి నేల, తగిన వాలు చూపించి కట్టించకపోతే పేదలు దొరికినచోటే గోడలు లేపుతారు.

ప్రాంతాలవారీ గ్రామీణ గృహ నమూనాలను 'పహల్' పేరిట కేంద్రం ఏనాడో సంకలనం చేసింది. వాటిని మండల స్థాయి ఇంజనీర్ల చేతికిచ్చి, సాయం మొత్తాన్ని వాలును బట్టి నిర్ణయించడం తక్షణం జరగాలి. బాటనుంచి గడపదాకా ఎత్తు తేడా ఎంతో నమోదు చేసే గడి ఒకటి మంజూరు పత్రంలో చేర్చడానికి ఖజానాపై పైసా భారం పడదు.