ఇంకొక ఆట లేదా అయ్యగారూ?

2022 డిసెంబరులో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ చూసిన వేడి మా యవ్వనస్థుల్లో చాలా రోజులు చల్లారలేదు. ఆ మరుసటి వేసవిలో సిరుగుప్పలో మా సంఘం తరఫున ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టాం. కోత అయిపోయిన వరి మడిని చదును చేసి, సున్నంతో గీతలు గీసి, వెదురు బొంగులు పాతి గోలు స్తంభాలు చేసుకున్నాం. ఎనిమిది జట్లు వచ్చాయి. జట్టుకు ఇంత అని రుసుము తీసుకున్నాం. పద్ధతి నాకౌట్. గెలిచినవాళ్లు తరువాతి ఆటకు, ఓడినవాళ్లు ఇంటికి. ఏడు ఆటలతో, ఒక్క రోజులో, తక్కువ ఖర్చుతో అయిపోతుందని మేమే అలా నిర్ణయించాం.

కాలువ కింది ఒక పల్లె నుంచి ఒక జట్టు ట్రాక్టరు ట్రాలీలో వచ్చింది. కూలి పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలు. మొదటి ఆట వాళ్లదే. తొమ్మిది గంటలకల్లా ఓడిపోయారు. ట్రాక్టరు మళ్లీ సాయంత్రం గానీ రాదు. ఎండలో పోయే దారి లేక వేప చెట్టు కింద కూర్చుని మిగతా జట్ల ఆటలు చూశారు. మధ్యాహ్నం వాళ్లలో చిన్నవాడొకడు మా దగ్గరికి వచ్చి, "మాకు ఇంకొక ఆట లేదా అయ్యగారూ?" అని అడిగాడు. "లేదు నాయనా, ఓడిపోయారు కదా" అన్నాం. వాడు తలూపి వెళ్లిపోయాడు. వాడికి అది కొత్త విషయంలా అనిపించలేదు. మమ్మల్ని ఇప్పటికీ బాధించేది అదే.

ఇంతకూ పెద్ద పెద్ద క్లబ్బులు దేశాలు దాటి ఆడే పోటీల్లో ఏం జరుగుతుందో మన యవ్వనస్థులు ఒకసారి గమనించాలి. మన కర్ణాటక క్లబ్బు కథే చూద్దాం.

బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బు 2013లో పుట్టింది. మూడేళ్లకే, 2016లో, ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరింది. ఆసియా ఖండంలోని క్లబ్బుల కోసం 2004లో మొదలైన పోటీ అది. అప్పటివరకు ఏ భారతీయ క్లబ్బూ ఆ ఫైనల్ ఆడలేదు. మలేషియాకు చెందిన జోహర్ క్లబ్బు అప్పటికి కప్పు చేతిలో ఉన్న జట్టు. సెమీఫైనల్ మొదటి ఆట వాళ్ల ఊళ్లో 1-1తో సమం అయింది. అక్టోబరు 19న కంఠీరవ స్టేడియంలో జరిగిన రెండో ఆటలో బెంగళూరు ముందుగా ఒక గోలు ఇచ్చుకుంది. ఆ తరువాత సునీల్ ఛెత్రీ రెండు, హువానన్ ఒకటి కొట్టి 3-1తో గెలిపించారు. టీవీల్లో, పత్రికల్లో అందరం గొప్పగా చెప్పుకున్నాం.

అయితే ఒక సంగతి తొందరగా మరిచిపోయాం. అదే ఏడాది, అదే పోటీ గ్రూపు దశలో, బెంగళూరు అదే జోహర్ చేతిలో ఓడిపోయింది. మేము మడిలో పెట్టిన పోటీ నియమాలే అక్కడా ఉండి ఉంటే బెంగళూరు అప్పుడే ఇంటికి వచ్చేసేది. కంఠీరవ సంబరం ఉండేది కాదు, ఫైనల్ ఉండేది కాదు. ఆ పోటీని రూపొందించినవారు ముందు ఒక గ్రూపులో నాలుగు జట్లను పెట్టి, ఒక్కొక్కదానికి ఆరు ఆటలు ఇచ్చారు. నాకౌట్ ఆ తరువాతే వచ్చింది. అందులోనూ సెమీఫైనల్‌ను రెండు ఆటలు చేశారు. అంటే నాకౌట్ కప్పు అని మనం పిలిచే ఆ పెద్ద పోటీలో కూడా, ఒక్క ఓటమితో ఎవరినీ మొదట్లోనే వెళ్లగొట్టలేదు.

ఆ ఏడాది నవంబరు 5 శనివారం, పెద్ద నోట్ల రద్దుకు మూడు రోజుల ముందు, దోహాలో ఫైనల్ జరిగింది. ఇరాక్ వైమానిక దళ క్లబ్బు 1-0తో గెలిచింది. ఆ క్లబ్బు కథ కూడా చిన్నది కాదు. స్వదేశంలో యుద్ధ పరిస్థితుల వల్ల తన సొంత ఆటలను సొంత ఊళ్లో ఆడుకోలేక పరాయి దేశంలో ఆడుతూ వచ్చిన జట్టు అది. ఆసియా స్థాయిలో ఇరాక్‌కు ఈ కప్పు తెచ్చిన మొదటి క్లబ్బు అదే. బెంగళూరు ఓడింది, నిజమే. ఫైనల్లో ఎవరో ఒకరు ఓడాలి. ఫైనల్‌కు మేము వ్యతిరేకం కాదు. ఫైనల్ నియమాన్ని మొదటి రోజే, మొదటి గంటలోనే పెట్టడానికి వ్యతిరేకం.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మన తెలుగు నేల కూడా ఇదే చెబుతుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. గ్రూపు దశ కాబట్టి నిలబడింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అంతకుముందు 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుతో వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించిన మనిషి.

జకార్తా జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట పుట్టినవారు. అభ్యాసానికి హైదరాబాద్ రావాలంటే అద్దె సైకిలుకు కూడా డబ్బు లేకపోతే, ఆ డబ్బు రహీం సాబే ఇచ్చారని బలరాం చెప్పుకునేవారు. బలరాం ఆట అందరికీ తెలుసు. ఆ సైకిలు అద్దె సంగతి కొందరికే తెలుసు. అవకాశం ఇవ్వడమంటే నోటి మాట కాదు. ఎవరి జేబులోంచో కొంత డబ్బు కదలాలి.

ఈ ఆటల ముచ్చటంతా ఎందుకంటే, మన పిల్లల జీవితాల్లో అసలు నాకౌట్ పోటీ పదో తరగతి దగ్గర జరుగుతోంది.

సిరుగుప్ప తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. నీళ్లున్నాయి, వరి ఉంది, రైసు మిల్లులున్నాయి. ఏటి అవతలా, అదోని వైపూ మన బంధువులే. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. మడి సొంతం కాని ఇళ్లలో పిల్లవాడు ఎస్సెస్సెల్సీలో ఒక్క సబ్జెక్టు ఫెయిలైతే కథ అక్కడితో ముగుస్తుంది. మగపిల్లవాడైతే బెంగళూరు బిల్డింగు పనికి. ఆడపిల్ల అయితే సంబంధం చూడడానికి. వాళ్లు చెడ్డ తల్లిదండ్రులు కారు. ఇంకొక ఏడాది కూర్చోబెట్టి తిండి పెట్టడం వాళ్ల లెక్కలో పొసగదు.

విచిత్రమేమిటంటే ప్రభుత్వం నియమం మార్చింది. 2024లో కర్ణాటకలో ఎస్సెస్సెల్సీకి ఒకే ఏడాదిలో మూడు పరీక్షలు పెట్టింది. మొదటిదానిలో తప్పినవాళ్లు కొన్ని వారాల్లోనే రెండోది రాయవచ్చు. అంటే బోర్డే గ్రూపు దశ పెట్టింది. కానీ ఆ కొన్ని వారాలు పిల్లవాడు ఎక్కడ ఉంటాడు? ఎవరు పుస్తకం తెరిపిస్తారు? "ఇంకొక ఆట ఉంది నాయనా" అని ఇంటికి వెళ్లి చెప్పేదెవరు?

మేము చెప్పలేదు. 2024లో మా యవ్వనస్థుల కూడికకు వచ్చే ఒక కుర్రవాడు లెక్కల్లో తప్పాడు. ఆదివారం వస్తాడు కదా, అప్పుడు మాట్లాడదాం అనుకున్నాం. ఆ లోపే మేస్త్రి వాళ్లింటికి వెళ్లి అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు. ఆదివారం వాడు రాలేదు. రెండో పరీక్ష జరిగే రోజుకు వాడు బెంగళూరులో సిమెంటు తట్టలు మోస్తున్నాడు. మేస్త్రికి ఆ ఇంటి దారి మా కంటే ముందు తెలిసింది. ఈ తప్పు మాది. ఇంకెవరి మీదా వేయం.

"పోటీ లేకపోతే పిల్లలు ఎదుగుతారా పాస్టరుగారూ, జాలి చూపిస్తే చెడిపోతారు" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ జోహర్ బెంగళూరు మీద జాలి చూపించిందా? రెండో అవకాశం అంటే ఉచితంగా ఇచ్చిన గోలు కాదు. మైదానంలోకి మళ్లీ రానివ్వడం, అంతే. పరిగెత్తవలసింది, చెమట కార్చవలసింది ఆటగాడే. లెక్కల పరీక్ష రెండోసారి రాసినా పాసు మార్కులు వాడే తెచ్చుకోవాలి.

ఇంకొకరు అంటారు, అందరికీ అవకాశం ఇవ్వడం ఎవరి వల్ల అవుతుందని. ఇది కూడా ఆలోచించదగ్గదే. మన బళ్లారి జిల్లాలోనే, తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్కన, 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అనే పెద్ద క్రీడా శిక్షణ సంస్థ వెలిసింది. బెంగళూరు క్లబ్బు యజమానులైన జేఎస్‌డబ్ల్యూ సంస్థదే అది. క్లబ్బు తన కుర్రాళ్ల అకాడమీని నడిపిందీ అక్కడే. దేశం నలుమూలల నుంచీ ఏరి తెచ్చిన పిల్లలు అక్కడ శిక్షణ పొందుతారు. మంచిదే. క్లబ్బు పని ఏరుకోవడం. వందమందిలో ఒకడిని తీసుకుని తొంభైతొమ్మిది మందిని పంపించేయకపోతే క్లబ్బు నడవదు. కానీ సంఘం క్లబ్బు కాదు. ఆ తొంభైతొమ్మిది మంది తిరిగి వచ్చేది మన వీధికే. గొర్రెల లెక్కలో మన ప్రభువు ఎటు నడిచాడో మనకు తెలుసు.

లూకా సువార్తలోని అంజూరపు చెట్టును గుర్తు చేసుకోండి. మూడేళ్లు చూసినా పండు లేదు, నరికేయమన్నాడు యజమాని. అది నాకౌట్ నియమం. తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు. అడిగి చేతులు కట్టుకుని కూర్చోలేదు. చుట్టూ తవ్వుతానన్నాడు, ఎరువు వేస్తానన్నాడు. మన ఊరి రైతులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. పార పట్టకుండా గడువు అడిగితే అది వట్టి ప్రార్థన.

మా పోటీ సంగతి చెప్పి ముగిస్తాం. మరుసటి ఏడాది నియమం మార్చాం. నాలుగేసి జట్లు రెండు గ్రూపులు, ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు. ఏడు ఆటలు కాస్తా పదిహేనయ్యాయి, ఒక రోజు రెండు రోజులయింది. "రెండు రోజులూ అన్నం ఎవరు పెట్టాలి?" అని సంఘ పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. స్త్రీల కూడికవారు చిత్రాన్నం వండుతామన్నారు. రుసుము తీసేశాం. కాలువ కింది జట్టు మళ్లీ వచ్చింది. రెండు ఆటలు ఓడి, ఒకటి గెలిచింది. సెమీఫైనల్‌కు రాలేదు. అయినా ఆ సాయంత్రం ట్రాలీలో వాళ్లు పాడుకుంటూ వెళ్లడం ఊరంతా విన్నది.

ఇప్పుడు సిరుగుప్ప చుట్టుపక్కల సంఘాలను, ఇది చదివే యవ్వనస్థులను మేము కోరేది ఇంతే. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు గెలిచినవారికి పూలదండలు వేయండి, తప్పులేదు. ఆ సాయంత్రమే తప్పినవారి పేర్లు రాసుకోండి. మన సంఘం పిల్లలే కాదు, ఆ వీధిలోని ప్రతి పిల్లా, ఏ మతమైనా, ఏ కులమైనా. ఆదివారం దాకా ఆగకుండా ఇంటికి వెళ్లండి. రెండో పరీక్ష దాకా మందిరం గది తెరిచి ఉంచండి. డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రోజుకు రెండు గంటలు లెక్కలు చెప్పండి. పరీక్ష ఫీజు కట్టలేని ఇంటికి కానుకల పెట్టెలోంచి కట్టండి. ఆడపిల్లల ఇళ్లకు స్త్రీలు వెళ్లి మాట్లాడండి. ఈ కొన్ని వారాలు తిండికి ఇబ్బంది ఉన్న ఇంటికి ఒక బియ్యపు మూట పంపండి.

ఈసారి మేస్త్రి కంటే ముందు మనం ఆ గుమ్మంలో ఉండాలి. "ఇంకొక ఆట లేదా?" అని పిల్లవాడు అడిగేదాకా ఆగకుండా, ఉందని మనమే చెప్పాలి.