మన ప్రదర్శనకు మన గుర్తు

మన హాస్టల్‌లో చదివి ఫైన్ ఆర్ట్స్ కోర్సుల్లో చేరుతున్న తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చివరి సంవత్సరంలో మీరందరూ కలిసి మీ బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టాలి. దానికొక గుర్తు, పోస్టరు, ఆహ్వానపత్రం, బొమ్మల పక్కన పేర్ల చీటీలు తయారు చేయాలి. అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా పోలికతో ఉండాలి. చాలామంది దీన్ని చివరి వారంలో చూసుకునే అలంకారం అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఈ ప్రదర్శన ఎవరిది, ఎవరి కోసం అన్న ప్రశ్నకు మనమిచ్చే జవాబు అది.

మా బ్యాచ్ ఇచ్చిన జవాబు తప్పు. ఇంటర్నెట్‌లో దొరికిన కుంచె బొమ్మ పెట్టాం. ఆహ్వానం మొత్తం ఇంగ్లీషులో వేయించాం. మా నాన్న తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నీ పేరెక్కడుందిరా?" అని అడిగాడు. నా పేరు లేదు. అందరి పేర్లూ వేస్తే చోటు చాలదని తీసేశారు.

అంతకుముందు నేనూ ఒక నమూనా చూపించాను. హాస్టల్‌కు వచ్చే ముందు కొత్త స్టీలు పళ్లెం మీద కొట్లో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు కదా, ఆ అక్షరాలతో ప్రదర్శన పేరు రాశాను. "గిన్నెల కొట్టు బోర్డులా ఉంది" అని నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడమే నా తప్పు. కడిగి బోర్లించిన యాభై పళ్లేల్లో మన పళ్లెం మనకు దొరికేది ఆ చుక్కల వల్లే. గుర్తు చేయాల్సిన పని కూడా అదే.

జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ కళాశాల 1923లో పెద్ద ప్రదర్శన జరిపింది. సర్కారు సొమ్ముతో ఏం చేశారో చూపించమన్న ఒత్తిడి మీద పెట్టిన ప్రదర్శన అది. అంత కీలకమైన సమయంలోనూ, ఇప్పటికీ అందరూ చెప్పుకునే ఆ పోస్టరును వేసింది యూస్ట్ ష్మిట్ అనే విద్యార్థి. ప్రచారానికి అచ్చువేసిన 20 పోస్టుకార్డుల్లో పేరుపొందిన గురువుల బొమ్మల పక్కనే విద్యార్థుల బొమ్మలూ ఉన్నాయి.

బయటి నుంచి పరీక్షకులు, కంపెనీలవాళ్లు వస్తారు, ఇంగ్లీషు వద్దా అంటారు. ఉండనివ్వండి, తెలుగు కింద ఉండనివ్వండి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు కొలిచిన వరసల్లో ఇరికిస్తే ఒకదానికొకటి తగులుతాయి. అందుకే ముందు తెలుగు పేర్చుకుని, తర్వాత ఇంగ్లీషుకు చోటు చూడాలి. చుక్కల అక్షరాలకు ఒక్క రంగు చాలు. జిరాక్సు తీసినా పోల్చుకోవచ్చు.

"హాస్టల్ పిల్లలని జాలిగా చూస్తారేమో" అన్న భయం మీలో కొందరికి ఉంటుంది. నాకూ ఉండేది. కానీ పేరు కొట్టించిన గిన్నె ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఉంటుంది. అది పేదరికానికి గుర్తు కాదు, ఈ వస్తువు నాది అని చెప్పే గుర్తు.

కమిటీలో కూర్చున్నప్పుడు ఒక్క విషయంలో పట్టుబట్టండి. ప్రతి విద్యార్థి పేరు, ఊరి పేరు తెలుగులో, ఒకే సైజులో ఆహ్వానం మీద ఉండాలి. చోటు చాలకపోతే కుంచె బొమ్మ తీసేయండి. మా నాన్న అడిగిన ప్రశ్న మీ నాన్న అడగకూడదు.