మందుల షాపు లైసెన్సు పోతే నష్టమెవరికి?

కొత్తగూడెం: డాక్టరు చీటీ లేకుండా మందులమ్మితే షాపు లైసెన్సు పోతుందన్న మాట చాలామంది విన్నదే. అది ఎలా పోతుందో, పోతే భారం ఎవరి మీద పడుతుందో గ్రామీణులు తెలుసుకోవలసి ఉన్నది.

1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి నియమాల ప్రకారం ఈ లైసెన్సు ఇస్తారు. రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే చీటీ మందులు ఇవ్వాలి. సర్టిఫికెట్టు ఒకరిదై, కౌంటరు దగ్గర కూర్చునేది మరొకరైతే అది ఉల్లంఘనే. ఆల్ప్రజోలం, ట్రమడాల్ వంటి మందులను 2014 నుంచి ప్రత్యేక జాబితాలో చేర్చారు. వీటిని రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఇది వట్టి కాగితాల తంతు కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడినది ఈ ఆల్ప్రజోలమే.

తప్పు కనబడగానే షాపుకు తాళం వేయరు. ముందు సంజాయిషీ నోటీసు ఇస్తారు. జవాబు సరిగా లేకుంటే కొంతకాలం లైసెన్సు నిలిపివేయవచ్చు, లేదా రద్దు చేయవచ్చు. కొన్ని మందుల వరకే అమ్మకం ఆపవచ్చు కూడా. ఆ ఉత్తర్వుపై మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వైద్యం కోసం గంజాయి వాడేందుకు రోగులకు కార్డులిస్తున్నాయి. మన దగ్గర అటువంటి కార్డు లేదు. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడితే పదేళ్లకు తగ్గని జైలుశిక్ష ఉన్నది. “మందుకోసం” అన్న మాటను నమ్మి ఎవరి మూటా మోయరాదు.

షాపు మూతపడితే యజమానికి పోయేది వ్యాపారం. గుండాల, ఆళ్లపల్లి వంటి అటవీ మండలాల్లో ఊరికి ఒకే షాపు ఉన్నచోట, రోజూ బి.పి., షుగరు మాత్రలు వేసుకునే వృద్ధులకు తప్పేది మందు. వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్రలు ఉచితంగా అడిగి తీసుకోవచ్చు. అయినా, “షాపులో దొరుకుతుంది కదా” అని చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవారు ఉన్నంతకాలం ఇచ్చేవారూ ఉంటారు. చీటీ చూపించి, బిల్లు అడిగి తీసుకోవడం ఊరి షాపును నిలబెట్టుకునే మార్గం కూడా.