ఆరడుగుల నేల దగ్గర మన ధమ్మం

బస్తర్ జిల్లాలో ఛింద్‌వాడా అనే ఊరు. 2025 జనవరి 7న అక్కడ ఒక పాస్టర్ చనిపోయారు. తమవాళ్ళను పూడ్చిన ఊరి శ్మశానంలోనే ఆయన్నీ పూడుస్తామని కుటుంబం అడిగింది. ఊరు ఒప్పుకోలేదు. కనీసం సొంత పొలంలోనైనా పూడ్చుకోనివ్వమంటే అదీ కుదరదన్నారు. హైకోర్టులో ఊరట దొరకలేదు. కొడుకు సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. తండ్రి శవం 20 రోజులు జగదల్‌పూర్ మార్చురీలో ఉండిపోయింది.

ఈ సంగతి చెప్పినప్పుడు మన ఉపాసకుల్లోనే కొందరు మాతో అన్నారు: ‘వాళ్ళు బాధను సిలువ అనుకుని మోస్తారు. మనది దుఃఖాన్ని తొలగించే ధమ్మం. వాళ్ళ గొడవ మనకెందుకు?’

ఈ మాటను మేము ఖండిస్తున్నాం.

సిలువ మీద మాకూ అభ్యంతరం ఉంది. బాధలో పుణ్యం ఉందని మేము నమ్మం. ఓర్చుకో, పరలోకంలో ఫలితం ఉంటుందని ఎవరు బోధించినా ఎదిరిస్తాం. బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో దుఃఖాన్ని గుర్తించడం, దాన్ని తొలగించడం ధమ్మానికి పునాది అన్నారు. అయితే ఛింద్‌వాడా కొడుకు చేసిందేమిటి? దేవుడి చిత్తమని ఊరుకున్నాడా? రాజ్యాంగం పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్ళాడు. విశ్వాసం అతని కాళ్ళు కట్టేయలేదు. ఊరంతా ఒకవైపు నిలబడినప్పుడు ఒంటరి కుటుంబం కూలిపోకుండా నిలబడిందంటే, ఆ ఆశ ఎక్కడిదని మనం ఎగతాళి చేయనక్కర్లేదు.

ఇంకో మాట. ఆ కుటుంబం మహ్రా కులం. 2023లో పార్లమెంటు ఛత్తీస్‌గఢ్ ఎస్సీ జాబితాలో మహార్ పక్కనే మహ్రా పేరు చేర్చింది. మహార్ అంటే బాబాసాహెబ్ పుట్టిన కులం. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మహ్రా ఎస్సీ కాడు. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరుచుకుంది. నాగపూర్ దీక్ష తర్వాత 34 ఏళ్ళు మనమూ ఆ తలుపు బయటే నిలబడ్డాం. లోపలికొచ్చాక గడియ పెట్టుకోవడం ఏ శీలం? మన కోస్తా పల్లెల పేటల్లో చర్చి, అంబేడ్కర్ విగ్రహం ఎదురెదురుగా ఉంటాయి. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళే ఏప్రిల్ 14న ఆ విగ్రహానికి దండ వేస్తారు. వాళ్ళు మనకు పరాయివాళ్ళా?

జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలింది. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన శ్మశానానికే వెళ్ళాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవం ఇంకా ఆగకూడదని, చివరికి ఇరువురూ ఊరికి దూరంగా ఉన్న కర్కాపాల్ శ్మశానంలో ఖననానికి ఆదేశించారు. చదువుకున్న న్యాయశాస్త్రంతో మేము అడుగుతున్నాం: శాంతిభద్రతలకు ముప్పు తెచ్చింది శవమా, శవాన్ని అడ్డుకున్నవాళ్ళా? బెదిరించినవాణ్ణి వదిలి బెదిరిపోయినవాణ్ణి ఊరు దాటించడం అంటరానితనం నాటి పద్ధతే. వెలివాడ బతికినవాళ్ళకే కాదు, చచ్చినవాళ్ళకూ ఉందన్నమాట.

బిడ్డ శవాన్ని ఎత్తుకుని వచ్చిన కిసాగోతమిని తథాగతుడు చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి చావు అందరిదీ అని తెలుసుకుంది. ఛింద్‌వాడాలోనూ చావు లేని ఇల్లు లేదు. అయినా ఆరడుగుల నేల దొరకలేదు. ఆ దుఃఖం విధి కాదు, మనుషులు చేసింది. కనుక మనుషులే తొలగించగలరు.

ఏ మతం పుచ్చుకున్నా పుట్టిన ఊళ్ళో పూడ్చుకునే హక్కు ఉండాలని, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన విహారాల నుంచే తీర్మానాలు వెళ్ళాలి. ఈ ఏటి ధమ్మచక్ర ప్రవర్తన దినాన ఆ పని మొదలుపెడదాం.

జై భీమ్.