లాభాలు వాళ్లవి, అప్పులు మనవి

విమాన వ్యాపారంలో మిగిలేదేముందని కంపెనీల తరఫు వకీళ్లు వాపోతున్నారు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2025 జూన్‌లో వేసిన అంచనాను సాక్ష్యంగా చూపుతున్నారు: ఆ సంవత్సరానికి ప్రయాణికులు 499 కోట్లు, నికరలాభం 3,600 కోట్ల డాలర్లు, అంటే తలకు ఏడు డాలర్ల పైచిల్లర. ఈ లెక్కకు మన విద్యావంతులు కూడా తలలూపుతున్నారు. నేను ఊపను. లాభం తలకెంత అన్నది కాదు ప్రశ్న. నష్టం వచ్చిననాడు అది ఎవరి తలమీద పడుతున్నదన్నదే ప్రశ్న.

మన దేశం సంగతే చూడండి. హైదరాబాదు సంస్థానంలో 1945లో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా దేశంలోని విమాన కంపెనీలను 1953లో జాతీయం చేశారు. అలా ప్రజల పరమైన ఆస్తి చివరకు ఎయిరిండియాలో కలిసింది. 2022 జనవరిలో దానిని టాటాలకు అప్పగించారు. 18,000 కోట్ల రూపాయల బేరంలో ఖజానాకు రొక్కంగా ముట్టింది 2,700 కోట్లు. తక్కిన 15,300 కోట్లు టాటాలు తీసుకున్న పాత అప్పు. మరి 46 వేల కోట్ల పైచిలుకు అప్పు? అది ప్రభుత్వం నెత్తినే ఉండిపోయింది.

ప్రభుత్వమంటే ఎవరు? సబ్బుబిళ్ల కొన్నా, చెప్పుల జత కొన్నా పన్ను కట్టే మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ. సూర్యాపేట, కోదాడ పట్టణాలకు ఈనాటికీ రైలుస్టేషను లేదు. ఊరికి రైలు రానివాడు ఎన్నడూ ఎక్కని విమానానికి బాకీదారుడయ్యాడు!

"ప్రభుత్వం నడిపితే నష్టం తప్పదు" అంటారు. 2020లో ప్రపంచ విమాన కంపెనీలు 13,700 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినప్పుడు అమెరికాలోనూ జర్మనీలోనూ అవి చేయిచాచింది ఏ దేవుడి ముందు? ప్రభుత్వం ముందే కదా!

ఇక లాభాల కంపెనీ సంగతి. 2024-25లో 7,258 కోట్ల రూపాయలు గడించిన ఇండిగో, పైలట్లకు తగిన విశ్రాంతినిచ్చే కొత్త నిబంధనలకు సరిపడా సిద్ధపడక, 2025 డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. ప్రభుత్వం టిక్కెట్ల ధరలకు హద్దు పెట్టిన మాట నిజమే. కాని ఆ కంపెనీకి విశ్రాంతి నిబంధనలను తాత్కాలికంగా సడలించిందీ ఆ ప్రభుత్వమే. శ్రామికుడి నిద్రకూడా లాభానికి తాకట్టే!

విమానంతో నాకు వైరం లేదు. అది మానవశ్రమ సాధించిన ఘనవిజయం. కోదాడ రైతుబిడ్డ అమెరికా చదువుకు పోవాలన్నా అదే దిక్కు. అందుకనే అడుగుతున్నాను: అప్పులో ప్రజలకు వాటా ఉన్నప్పుడు, ఆస్తిలోనూ అదుపులోనూ ఎందుకుండకూడదు? మన తరగతి గదులలో తలసరి లాభం లెక్క చెప్పేవారు, తలసరి బాకీ లెక్క కూడా చెప్పితీరాలి.